విన్నీని తెల్లగా పంపొద్దు

పోయినవారం కార్మెల్‌ని ఒక మాట దగ్గర వదిలిపెట్టాం. "నేను చూసుకుంటాలే తల్లీ, నువ్వు కళ్ళు తుడుచుకో" అని విన్నీ కూతురు జనీన్‌కి మాట ఇచ్చేసింది. ఆ మాట నిలబెట్టుకునే దారి తన దుకాణంలో లేదని, ఇచ్చేశాక గాని ఆమెకి తట్టలేదు.

ఎందుకు లేదో మరోసారి గుర్తు చేసుకుందాం. వాల్టన్‌లో, ఒంటికి ఎండ తగిలిన రంగు తెప్పించే కార్మెల్ ట్యానింగ్ దుకాణం చాలా ఏళ్ళనాటిది. ముందు గదిలో, దీపాల వేడిలో పడుకునే సన్‌బెడ్లు. వెనక, తెర కట్టిన మూలలో, ఆమె చెల్లెలు నోరీన్ స్ప్రే గన్ను పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళ ఒంటికి గోధుమరంగు కొట్టేది. పెళ్ళికైనా, పందేలకైనా, శుక్రవారం సాయంత్రం పబ్బుకైనా రంగు లేకుండా వెళ్ళే ఆడది లివర్‌పూల్‌లో లేదు. నెత్తిమీద జుట్టు చుట్టిన రోలర్లతో బజారంతా తిరుగుతారు గాని, తెల్లటి కాళ్ళతో మాత్రం గుమ్మం దాటరు.

పోయిన వేసవిలో కార్మెల్ బర్మింగ్‌హామ్ వెళ్ళి, ఎగ్జిబిషన్‌లో చూసి, స్ప్రే బూత్ కొనుక్కొచ్చింది. నిలువెత్తు బీరువాలాంటి యంత్రం. మనిషి లోపలికెళ్ళి నిలబడితే చాలు, రంగు అదే కొడుతుంది. "మనిషి చూపు పడదు, మనిషి చెయ్యి తగలదు. సిగ్గుపడేవాళ్ళు కూడా వస్తారండీ" అని అమ్మినవాడు చెప్పాడు. గుమ్మంలోంచి పట్టకపోతే దుకాణం ముందరి అద్దం తీయించి మరీ లోపలికి దింపారు. దాన్ని పెట్టడానికి నోరీన్ ఉండే మూల ఒక్కటే సరిపోయింది. నోరీన్ పల్లెత్తు మాటనలేదు. తెర విప్పి, ఆప్రాన్ మడిచి, గన్ను పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు.

విన్నీ కార్మెల్‌కి బడినాటి స్నేహితురాలు. ఛాతీలో నెమ్ము చేరి ఆసుపత్రిలో పోయింది. శుక్రవారం గుడిలో పూజ, తర్వాత ఖననం. గురువారం సాయంత్రం శవపేటిక ఇంటికి తెచ్చి ముందు గదిలో మూత తీసి ఉంచుతారు, వీధి వీధంతా వచ్చి చూసిపోతుంది. "అమ్మ ఎప్పుడూ అనేది కదా ఆంటీ, నన్ను పాలసీసాలా తెల్లగా పంపొద్దు, కార్మెల్‌తో చెప్పండి, అది చూసుకుంటుంది అని" అంటూ జనీన్ వచ్చి అడిగింది. కార్మెల్ సరేనంది.

నిలబడగలిగే మనిషికే రంగు వేసే యంత్రం అది.

*

బుధవారం పొద్దున దుకాణం తీసేసరికే క్యూ మలుపు దాకా ఉంది. ఎయిన్‌ట్రీలో గుర్రప్పందేలు రేపే మొదలు, ఎల్లుండి ఆడవాళ్ళంతా ముస్తాబై వెళ్ళే ఆడవాళ్ళ రోజు. రంగు అంటకుండా వదులైన నల్ల పైజమాలు వేసుకుని, కాళ్ళకి రబ్బరు చెప్పులతో, వానలో గొడుగులు పట్టుకుని నిలబడ్డారు.

బూత్‌లో ఒక చిమ్ము మూసుకుపోయింది. కార్మెల్ మోకాళ్ళ మీద కూర్చుని గుండుసూదితో పొడుస్తోంది. రంగులో చక్కెర ఉంటుంది, రాత్రి కడక్కపోతే గట్టిపడుతుంది. నిన్న రాత్రి ఆమెకి కడిగే మనసు లేకపోయింది.

"అయిందా, ఇంకా కెలకాలా?" అంది డెనీస్, టవల్ చుట్టుకుని. నాలుక మీద నరం లేని మనిషి, కాని ప్రతి పందేలకీ క్యూలో మొదటి చోటు తనదే.

"అయింది, వెళ్ళు."

డెనీస్ లోపలికెళ్ళింది. తలుపు మూసుకోగానే లండన్ యాసలో ఒక ఆడగొంతు పలికింది. "దయచేసి కుడివైపు తిరగండి. చేతులు పైకెత్తండి. ఊపిరి బిగబట్టండి." ఆ గొంతుకి వీధిలోవాళ్ళు దొరసాని అని పేరు పెట్టుకున్నారు.

బయటికొచ్చేసరికి డెనీస్ దగ్గుతోంది. "ఏమ్మా కార్మెల్! మీ దొరసాని ఊపిరి బిగబట్టమంది గాని మళ్ళీ వదలమని చెప్పలేదు. లోపలే చచ్చేదాన్ని!"

క్యూలో నవ్వులు లేచాయి. చచ్చే మాట వినబడ్డాక వాటంతట అవే అణిగాయి. అందరికీ ఒకే మనిషి గుర్తొచ్చినట్టుంది.

"అన్నట్టు, విన్నీకి ఎవరు వేస్తున్నారే రంగు?" అడిగింది డెనీస్.

"నేనే."

"నువ్వా? దేంతో? తీసుకొచ్చి దీంట్లో నిలబెడతావా ఏంటి?"

ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకుని శిలువ గుర్తు వేసుకున్నారు. డెనీస్‌కి కూడా తను అన్నది ఎక్కువైందనిపించింది. గొంతు తగ్గించింది. "పాపం, నిలబడే రోజుల్లోనే దీంట్లో కుదర్లేదు దానికి. గుర్తుందా, జీబ్రా?"

కార్మెల్‌కి గుర్తులేకపోవడమేంటి. ఆ పేరు పెట్టింది తనే.

బూత్ కొత్తగా వచ్చిన రోజులవి, చలికాలానికి ఇంకా ముందు. విన్నీ క్యూలో నిలబడి, తన వంతు వచ్చాక లోపలికెళ్ళి, బయటికి వచ్చింది. ఎడమ పక్క చంక నుంచి నడుం దాకా తెల్లటి చారలు. ఆ చెయ్యి ఎత్తలేదన్నమాట. దుకాణం నిండా జనం. కొత్త యంత్రం మీద ఎక్కడ మాట పడుతుందోనని కార్మెల్ పెద్ద గొంతుతో అందుకుంది. "దొరసాని చెప్పింది చెవిన పెట్టకపోతే ఇంతే! బోనులోంచి తప్పించుకొచ్చిన జీబ్రాలా ఉన్నావు!" అందరూ పడీపడీ నవ్వారు. విన్నీ కూడా నవ్వింది, కళ్ళవెంట నీళ్ళొచ్చేట్టు. ఆ నీళ్ళు నవ్వుకి వచ్చినవే అనుకుంది కార్మెల్.

తర్వాత దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది విన్నీ. "పాత గన్ను ఏమైనా వెనకాల ఉందా కార్మెల్? లోపలికొచ్చి కాస్త సరిచేస్తావా? మనిద్దరమే."

"గన్నులూ లేవు, కత్తులూ లేవు. మళ్ళీ వెళ్ళి నిలబడు, డబ్బు అక్కర్లేదు. ఈసారి చేతులెత్తు."

విన్నీ కోటు వేసుకుని, గుండీలు మెడదాకా పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

కార్మెల్ గుండుసూది చొక్కాకి గుచ్చుకుని లేచింది. తలుపు మీద బోర్డు తిప్పింది. "ఒక్క గంటలో వస్తాను. ఎవరి చోటు వాళ్ళు గుర్తుపెట్టుకోండి."

"పందేల వారంలోనా! దీనికి మతి పోయింది" అని వెనక ఎవరో అనడం వినబడింది. ఆమె ఆగలేదు.

*

నోరీన్ ఇల్లు రెండు వీధులవతల. వేసవి నుంచి కార్మెల్ ఆ వీధి రాకుండా చుట్టు తిరిగి వెళ్తోంది. గంట కొడితే నోరీన్ చేతిలో కత్తితో, కత్తికి బంగాళాదుంప తొక్క వేలాడుతుండగా తలుపు తీసింది.

"ఓహో, మన కార్మెల్! దారి తప్పావా? దొరసానికి జలుబు చేసిందా?"

"లోపలికి రమ్మంటావా, వానలో నిలబెడతావా?"

"రా. కాళ్ళు తుడుచుకో. తుడిచేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు, నేను తప్ప."

వంటగదిలో పొయ్యి మీద పెద్ద గిన్నెలో మాంసం ఉడుకుతోంది. నోరీన్ మళ్ళీ దుంపల ముందు కూర్చుంది. చెయ్యి కెటిల్ వైపు పోలేదు. ఆ ఊళ్ళో మీటరు చూడ్డానికి వచ్చినవాడికైనా టీ పెడతారు. కార్మెల్‌కి అది చెంపమీద కొట్టినట్టే తగిలింది, కాని తగలనట్టు కూర్చుంది.

"విన్నీ గురించి వచ్చాను."

"తెలుసు."

"గన్ను ఇవ్వు. రేపు పొద్దున్న వేసి, మధ్యాహ్నానికి తెచ్చిస్తాను."

"నువ్వు వేస్తావా? నువ్వు గన్ను పట్టుకుంటే మనిషికన్నా కర్టెన్లకి ఎక్కువ పడేది. ఒకసారి ఫాదర్ గారి చెల్లెలికి మెడ దాకా వేసి మొహం మర్చిపోయావు. ఆవిడ అట్లాగే పెళ్ళికి వెళ్ళింది."

"అది ఎప్పుడో."

"దుకాణంలో వాడే మందే వేద్దామనుకున్నావు కదూ? చల్లటి ఒంటిమీద అది ఊరదు. రంగు తేలేసరికి విన్నీ మట్టిలో ఉంటుంది. పైరంగు కావాలి, కొట్టగానే కనబడేది."

కార్మెల్‌కి ఆ సంగతి తట్టనే లేదు. "అయితే నువ్వే రా. అడుగుతున్నాను కదా."

"ఇది అడగడమా? నేను ఇంకా నీ పనిమనిషినే అన్నట్టుంది."

"సరే. దండం పెడతాను, రా. చాలా?" కార్మెల్ గొంతు లేచింది. "నా మీద కోపం ఉంటే నా మీద చూపించు. దానిమీద దేనికి? అది నా స్నేహితురాలు. నీకంటే ముందు నుంచి నాకు తెలుసు."

నోరీన్ కత్తి బల్ల మీద పెట్టింది.

"నీ స్నేహితురాలు ఆవేళ చెయ్యెందుకు ఎత్తలేదో తెలుసా?"

"వినబడి ఉండదు. దానికి ఎప్పుడూ సగమే కదా వినబడేది."

"బాగానే వినబడింది. ఎత్తలేకపోయింది." నోరీన్ తన ఎడమచేతిని పక్కకి తెచ్చి చంక కింద చూపించింది. "ఇక్కడ గడ్డ తీశారు. రొమ్ములోంచి పాకింది. చెయ్యి భుజం దాకా కూడా వచ్చేది కాదు. జుట్టు దువ్వుకోవడానికి తలే కిందికి వంచుకునేది."

గిన్నె మీద మూత టపటపా కొట్టుకుంటోంది. ఇద్దరిలో ఎవరూ లేచి మంట తగ్గించలేదు.

"నాకు చెప్పలేదే" అంది కార్మెల్.

"చెప్పడానికే వచ్చింది ఆవేళ."

"ఎక్కడ చెప్పింది! క్యూలో నిలబడింది, లోపలికెళ్ళింది, వచ్చింది..."

"మనవాళ్ళు ఏ సంగతైనా ఎక్కడ చెబుతారే? నువ్వే చెప్పు. ఎవరి కడుపు పోయినా, ఎవరి మొగుడు ఇల్లొదిలి పోయినా, ఎవరికి ఎక్కడ గడ్డ కనబడినా ఆ తెర వెనకాలే కదా. బట్టలు విప్పి నిలబడి, మొహం గోడవైపు పెట్టి, గన్ను చప్పుడులో చెబుతారు. గుడిలో ఫాదర్‌కి చెప్పనివి కూడా. అట్లాగే చెబుదామని వచ్చింది. వస్తే తెర లేదు. బీరువా ఉంది. లోపల ఆ గొంతొకటి ఊపిరి బిగబట్టమంటోంది. బయటికొచ్చాక నిన్ను లోపలికి రమ్మని అడిగిందా లేదా?"

కార్మెల్ కిటికీ వైపు తిరిగింది.

"మనిద్దరమే అందా లేదా?"

"అంది."

"నువ్వేమన్నావు?"

ఆ మాట కార్మెల్ మళ్ళీ నోటితో అనలేకపోయింది. నోరీన్ కూడా అనిపించలేదు. లేచి గిన్నె కింద మంట తగ్గించింది.

కార్మెల్‌కి ఇంకోటి గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బాగుండునని ఎన్నాళ్ళుగానో అదిమిపెట్టుకున్నది. క్రిస్మస్ పూజ అయ్యాక గుడి మెట్ల మీద విన్నీ ఎదురుపడింది. చలికి అందరి మొహాలూ సున్నం కొట్టినట్టున్నాయి. విన్నీ మెడా, చెంపలూ మాత్రం తేనెరంగులో మెరుస్తున్నాయి, ఎక్కడా చారలేకుండా. ఇది వేరే దుకాణానికి మరిగిందనుకుంది కార్మెల్. విన్నీ చెయ్యి చాచి "కార్మెల్" అని దగ్గరికి వస్తే, "బాగానే కుదిరింది రంగు. ఎవరి చేతిదో వాళ్ళ దగ్గరే మాట్లాడుకో" అని మెట్లు దిగి వచ్చేసింది. అదే ఆఖరు. అప్పటినుంచి విన్నీ దూరంగా కనబడితే కార్మెలే తల తిప్పుకునేది.

"క్రిస్మస్‌నాటి రంగు..." అంది.

"నాదే. గురువారం గురువారం వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. పిల్లలు పనుల్లోకి పోయాక రమ్మనేది. కూర్చోబెట్టి, ఆ చెయ్యి ఒక దిండు మీద పెట్టించి, కొంచెం కొంచెంగా వేసేదాన్ని. కొన్నాళ్ళకి రంగుతో పనిలేకపోయింది, ఊరికే కబుర్లకే. కాని రంగు మాత్రం మానలేదు. 'తెల్లగా కనబడితే జబ్బుదాన్నని తెలిసిపోతుంది నోరీన్' అనేది."

"నేను మెట్లమీద అన్నది నీకు చెప్పిందా?"

"చెప్పింది."

"ఏడ్చిందా?"

నోరీన్ గిన్నె మీద మూత సర్దింది. "ఏడ్చుంటే నీకు బాగుండేది కదూ. లేదు. 'దానికి కొత్త యంత్రంతో తల తిరుగుతోంది, పోనీలే' అంది. నేను నిన్ను తిట్టబోతే నా నోరు మూయించేది. నా ఎదుట మా కార్మెల్‌ని ఏమీ అనకు అని. నీ సొంత చెల్లెలితో!"

కార్మెల్ బల్లమీది దుంప తొక్క ఒకటి తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. యంత్రం కొన్నప్పుడు అమ్మినవాడు చెప్పిన మాటకి ఎంత పొంగిపోయింది తను. మనిషి చూపు పడదు, మనిషి చెయ్యి తగలదు. దుకాణం ముందు బోర్డు మీద కూడా పెద్ద అక్షరాలతో అదే రాయించింది. విన్నీ ఆ బోర్డు కిందనుంచే లోపలికి వచ్చి ఉంటుంది.

ఎవరి చూపైనా పడి ఉంటే, ఆ గాటు కనబడేది. ఎవరి చెయ్యైనా తగిలి ఉంటే, అబ్బా అనేది. తనకి తెలిసిపోయేది. ఈ ఆరేడు నెలలూ తనకి ఉండేవి. గురువారాలు తనవి అయ్యేవి.

"వస్తావా రావా?" అంది. ఈసారి గొంతులో ఆర్డరు లేదు.

"వస్తాను. రమ్మని నువ్వు అడిగావని మాత్రం అనుకోకు. అది అడిగింది." నోరీన్ మళ్ళీ కత్తి తీసుకుంది. "ఒకటి. గన్ను నేను పడతాను. ఆ చెయ్యి నువ్వు ఎత్తి పట్టుకోవాలి. చంక కింద కూడా సమంగా పడాలి. పేటికల దుకాణం డెస్మండ్ చేత పట్టించను, పరాయి మగాడు."

"పడతాను."

"పొద్దున్నే వెళ్ళాలి. దుకాణం మూసెయ్యి."

"గురువారమా! పందేల గురువారం పొద్దున మూస్తే..." అని ఆగిపోయింది కార్మెల్. చెల్లెలు తలెత్తి చూస్తోంది. "మూస్తాను."

"పొయ్యిరా మరి. ఈ దుంపలు వీటంతటవి ఒలుచుకోవు."

*

గురువారం పొద్దున కార్మెల్ దుకాణం దాకా వెళ్ళింది గాని తాళం తీయలేదు. క్యూ నిన్నటికంటే పొడుగ్గా ఉంది.

"విన్నీ దగ్గరికి వెళ్తున్నాను. ఎంతసేపవుతుందో తెలియదు. తొందరున్నవాళ్ళు ఇంకోచోటు చూసుకోండి."

"మరి నా కాళ్ళు?" అంది ఒకామె, పైజమా ఎత్తి చూపిస్తూ.

"నీ కాళ్ళు ఎవరు చూడొచ్చార్లే, గుర్రాలనే చూస్తారు" అని డెనీస్ ఆమె నోరు మూయించింది. తర్వాత కార్మెల్ భుజం తట్టి "వెళ్ళు బంగారం. దాన్ని బాగా చెయ్యి" అంది. డెనీస్ రంగు నిన్ననే అయిపోయింది. ఈవేళ ఊరికే కబుర్లకి వచ్చింది.

పేటికల దుకాణం వెనక గది పాలకేంద్రంలా చల్లగా ఉంది. డెస్మండ్ తలుపు తీసి, తల వంచి, తన దారిన తను వెళ్ళిపోయాడు. బల్ల మీద తెల్లటి దుప్పటి కింద విన్నీ. మొహం మాత్రం బయటికుంది. రంగు లేని విన్నీని కార్మెల్ బడి రోజుల తర్వాత చూడటం ఇదే మొదలు. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం ఆమెని కుదిపేసింది.

జనీన్ కుర్చీలోంచి లేచి కావలించుకుంది. ఆమె చేతిలో హ్యాంగరుకి ఒక గౌను. చెర్రీ పండు రంగు, చేతులు లేనిది. "ఈ ఏడు ఆడవాళ్ళ రోజుకి కొనుక్కుంది ఆంటీ. రేపు అదే కదా. అమ్మ పందేలకి వెళ్ళే రోజునే వెళ్తోంది." నవ్వబోయింది, కుదర్లేదు. "నోరీన్ ఆంటీని కూడా తీసుకొచ్చారా. థాంక్స్ ఆంటీ."

నోరీన్ తలూపి పని మొదలుపెట్టింది. గౌనుకి అంటకుండా దూరంగా వేలాడదీయించింది. అరచేతులకీ, గోళ్ళకీ, మోచేతి ముడతలకీ క్రీము రాసింది, రంగు అక్కడ పేరుకోకుండా. పింగాణీ కప్పు తుడిచినట్టు తుడిచింది ఒక్కో వేలూ. తర్వాత చిన్న మోటారు వేసింది. సన్నటి రొద. గన్ను చివర పొగమంచులా తుంపర లేచింది. ముందు పాదాలు, పిక్కలు, తర్వాత కుడిచెయ్యి. తెల్లదనం మీద వెచ్చటి రంగు పరుచుకుంటూ పైకి వస్తోంది. మనిషి ఎక్కడినుంచో తిరిగి వస్తున్నట్టుంది.

"ఇప్పుడు" అంది నోరీన్.

కార్మెల్ అటువైపు వెళ్ళి ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుంది. చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. మెల్లిగా ఎత్తింది. కింద గాటు కనబడింది. ముడుచుకుపోయిన, ఊదారంగు గీత, చంకలోంచి పక్కటెముకల మీదికి. దాని అంచునే ఆవేళ్టి చారలు ఉండి ఉంటాయి. ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే చెయ్యి కదులుతుందని భయం.

"అట్లాగే పట్టుకో" అంది నోరీన్. గొంతులో ఈసారి పుల్లవిరుపు లేదు.

జనీన్ తల్లి తలవైపు వచ్చి నిలబడింది. "మీకు అలవాటే కదా ఆంటీ ఇట్లా పట్టుకోవడం" అంది కార్మెల్‌తో, కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మ అంతా చెప్పింది నాకు."

"ఏం చెప్పింది?"

"మా అన్న మీ మీద కోపంగా ఉండేవాడు. అమ్మకింత జబ్బు చేస్తే కార్మెల్ ఆంటీ ఒక్కసారీ కనబడదేంటి, ఇదేనా స్నేహం అని. ఒకరోజు అమ్మ వాణ్ణి కూర్చోబెట్టి కేకలేసింది. కార్మెల్ రాకపోవడమేంట్రా, గురువారం గురువారం వస్తోంది, దుకాణం వదులుకుని వచ్చి నాకు రంగు వేసిపోతోంది, మీరు పనుల్లో ఉంటారు కాబట్టి మీకు తెలియదు అని. దిండు మీద చెయ్యి పెట్టించి ఎంత జాగ్రత్తగా వేస్తారో కూడా చెప్పింది. అన్నయ్య సిగ్గుపడ్డాడు ఆంటీ. రేపు మిమ్మల్ని మాతోపాటు ముందు వరసలో కూర్చోమంటున్నాడు."

గన్ను చప్పుడు ఒక్కసారి తడబడింది. నోరీన్ తల వంచుకునే ఉంది గాని తుంపర గాలిలోకి పోతోంది. ఈ సంగతి ఆమెకీ కొత్తే.

 విన్నీ చెయ్యి కార్మెల్ చేతుల్లో బరువెక్కుతోంది. దించడానికి లేదు, రంగు ఇంకా తడిగా ఉంది.

"ఒక్కటి అడగనా ఆంటీ?" అంది జనీన్. "ఆఖరి గురువారం అమ్మ ఏం మాట్లాడింది? ఆ సాయంత్రం మేం వచ్చేసరికే మాట తడబడుతోంది, పొద్దుటికి పూర్తిగా పోయింది. మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. మీతో అన్న మాటే ఆఖరి మాట. రేపు పూజలో నన్ను నాలుగు ముక్కలు చెప్పమన్నాడు ఫాదర్. ఆ మాటే చెబుదామని ఉంది. ఏమంది ఆంటీ?"

కార్మెల్ చెల్లెలి వైపు చూసింది. ఆ గురువారం విన్నీ పక్కన ఉన్నది ఆమె ఒక్కతే.

నోరీన్ వంగి మోటారు ఆపేసింది.  గన్ను పళ్ళెంలో పెట్టి, ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుని, గోడకి ఆనుకుని నిలబడింది.

"చెప్పు, మన కార్మెల్" అంది మెల్లిగా. "నేనూ వింటాను."